అప్‌డేట్: ఉన్నవ వారికి కృతజ్ఞత చెప్పుకున్నాను

‘మాలపల్లి’ నవల నా చూపును మార్చింది, దాన్ని రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లోనే కన్నుమూశారు, ఆయనకు కృతజ్ఞత ఎలా తెలపాలి అని లోగడ అడిగాను. గుంటూరులో ఆయన స్థాపించిన శారదానికేతనం చూసి రమ్మని ఒకరు చెప్పారు. నిన్న వెళ్లాను.

గేటు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. జైల్లో రాసిన నవల, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన నవల. దానితోపాటే ఆడపిల్లల చదువుకు ఈ సంస్థ! రాసినదాన్నే బతికిన మనిషి. ఆ నవలలో దళిత యువకుడు సంగదాసు హత్య చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పొలానికి వచ్చే పెద్దాయనను ‘ఒరే’ అని పిలవడం మర్నాడే మానేశాను.

ఉన్నవ గారికి కృతజ్ఞతగా నేను రాసిన ఉత్తరాన్ని ‘మాలపల్లి’ కొత్త ప్రతిలో పెట్టి మా మేనకోడలికి ఇచ్చాను. దారి చూపినవారికి నమస్కారాలు.