అక్వేరియంలో ఇసుక క్లీన్ చేయడానికి మోటర్ వ్యాక్యూమ్ పనికొస్తుందా?

అందరికీ నమస్తే, మాది 3 అడుగుల ట్యాంక్, గోల్డ్ ఫిష్‌లు, కింద సగం గ్రావెల్ సగం సన్న ఇసుక. అర లీటర్ వాటర్ బాటిల్ అడుగు కోసేసి మూతి దగ్గర సన్న పైపు బిగించి సైఫన్‌తో బకెట్‌లోకి లాగుతున్నా, గ్రావెల్‌కి సూపర్, బాటిల్ వెడల్పు కాబట్టి రాళ్లు కాస్త లేచి మళ్లీ కిందే పడతాయి, చెత్త మాత్రం పైకి పోతుంది. ఇసుక దగ్గరే తలనొప్పి, పైపు నొక్కి ఫ్లో తగ్గిస్తే చెత్త లేవట్లేదు, వదిలేస్తే ఇసుకంతా బకెట్‌లోకే. పైగా ఎండాకాలం మాకు ట్యాంకర్ నీళ్లే, ప్రతిసారీ అన్ని బకెట్లు తీసేయాలంటే మనసొప్పట్లేదు (మొక్కలకే పోస్తాలెండి, అయినా).

అందుకే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపుతో లాగి, ఫిల్టర్ సాక్ (చెత్తని పట్టే గుడ్డ సంచి) లోంచి నీళ్లు మళ్లీ ట్యాంక్‌లోకే వదిలే సెటప్ చేద్దామనుకుంటున్నా. ఇసుక వెళ్తే ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే రెక్కల చక్రం) అరిగిపోదా? పంపుకి ముందే స్పాంజ్ పెడితే సక్షన్ మరీ పడిపోతుందా? రెడీమేడ్ బ్యాటరీ వ్యాక్యూమ్‌లు వాడినవాళ్లుంటే ఇసుక మీద ఎలా ఉన్నాయో చెప్పండి ప్లీజ్. ఇంకోటి, చెత్త పోయినా నైట్రేట్ (చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో కరిగి పేరుకునేది) నీళ్లలోనే ఉంటుంది కదా, ఎలాగూ నీళ్లు మార్చాల్సిందే అంటే ఎన్ని రోజులకోసారి మారుస్తున్నారు మీరంతా?