మొదటి పాట నుంచి చివరిదాకా వినదగ్గ గాయనీమణుల పాప్ ఆల్బమ్‌లు ఏవి?

గాజువాక_శ్రోత:

అందరికీ నమస్కారం. పాప్‌లో ఆడవాళ్లు పాడిన హిట్ పాటలు చాలానే తెలుసు గానీ అన్నీ ప్లేలిస్టుల్లో తగిలినవే. ఆల్బమ్ అంటూ పూర్తిగా విన్నది లేదు. ఐదారు ఆల్బమ్‌లు అలా వినాలని ఉంది. గొప్ప ఆల్బమ్‌ల జాబితాలు నెట్‌లో బోలెడున్నాయి, అవి వద్దు. బాగా విన్నవాళ్ల సొంత అభిప్రాయం కావాలి. ఏది ఎందుకు నిలబడుతుంది, ఏది రెండు హిట్ల తర్వాత చప్పబడిపోతుంది?

వినేది ఎక్కువగా విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్లే సిటీ బస్సులో, ముప్పావు గంట, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో. ఇంట్లో వైరున్న హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఇంకో ప్రశ్న: అటక మీద 'మేడిన్ ఇండియా', 'డిస్కో దీవానే' కేసెట్లు దొరికాయి. టేపు చుట్ట మీద తెల్లగా ఏదో పట్టింది. అలాగే వేసి వినొచ్చా?

సిరిపురం_స్టీరియో:

కేసెట్లు మాత్రం ఇప్పుడే వెయ్యకండి. దాని గురించి తెలిసినవాళ్లు కింద చెప్తారు. నేను ఆల్బమ్‌ల సంగతి చెప్తాను.

బస్సుకి నలభై నిమిషాల లోపు అయిపోయేవి పెట్టుకోండి. సగంలో దిగిపోయి మిగతా సగం సాయంత్రం వింటే ఆల్బమ్ విన్నట్టు కాదు. ఆ లెక్కన నా మొదటి ఓటు ఎమీ వైన్‌హౌస్ 'బ్యాక్ టు బ్లాక్' (2006)కి. దాదాపు 35 నిమిషాలు. నిర్మాతలు ఇద్దరు, మార్క్ రాన్సన్, సలాం రెమీ. రాన్సన్ చేసిన పాటల్లో చాలావాటికి బ్రూక్లిన్‌లో డాప్-కింగ్స్ బృందం వాయించింది. వాద్యాలన్నీ ఒకే గదిలో మోగుతున్న భావన వస్తుంది, డ్రమ్ము శబ్దం పక్కవాళ్ల మైకుల్లోకి కూడా కారినట్టుంటుంది. అరవైల నాటి అమ్మాయిల బృందాల పాటలకున్న ఆ గరుకుదనం అక్కడిదే. టైటిల్ పాట మధ్యలో వాద్యాలు తగ్గిపోయి ఒకే మాట మళ్లీ మళ్లీ పలుకుతుంది. ఆ చోటుకి వచ్చేసరికి అప్పటిదాకా విన్న సరదా పాటలన్నీ కూడా ఏడుపు పాటలేనని తెలిసొస్తుంది. విడిగా ప్లేలిస్టులో వింటే ఈ దెబ్బ తగలదు.

రెండోది రొసాలియా 'ఎల్ మాల్ కెరెర్' (2018). స్పానిష్ రాదు కదా అని వదిలెయ్యకండి. పదకొండు పాటలు, అరగంట. ప్రతి పాటా ఒక అధ్యాయం, దానికో పేరుంటుంది. ఒకమ్మాయి ప్రేమలో పడి, పెళ్లయ్యాక బందీ అయి, చివరికి బయటపడే కథ. ఆధారం పదమూడో శతాబ్దపు కావ్యం. ఫ్లెమెంకో చప్పట్లే ఇక్కడ డ్రమ్ములు. తాళం వేస్తూ పాట వినే అలవాటున్న మనవాళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. పన్నెండు దెబ్బల ఆవృతం ఎక్కడ మొదలవుతోందో చేత్తో వేసి చూడండి, సమం ఎక్కడుందో దొరకడానికే కాస్త పడుతుంది. ఒక పాటలో మోటార్‌సైకిల్ రొద కూడా వాద్యమే.

ఇక ఇంట్లో, రాత్రి, లైటు తీసేసి వినాల్సింది కేట్ బుష్ 'హౌండ్స్ ఆఫ్ లవ్' (1985). మొదటి ఐదు పాటలు ఎల్‌పీ రికార్డుకి ఒక వైపు. 2022లో మళ్లీ మోగిపోయిన 'రన్నింగ్ అప్ దట్ హిల్' ఆ వైపుదే. చాలామంది అక్కడితో ఆపేస్తారు, అసలు ఆల్బమ్ రెండో వైపుంది. ఏడు పాటల వరస, రాత్రంతా సముద్రంలో ఒంటరిగా తేలుతున్న ఒక మనిషి మనసులో మెదిలేదంతా. నిద్ర ముంచుకొస్తుంది, నీళ్లు గడ్డకడతాయి, ఇంట్లో వాళ్లు ఎదురుచూస్తుంటే పలకరించలేని దెయ్యంలా అయిపోతుంది, చివరికి తెల్లారుతుంది. వేట పడవలు తిరిగొచ్చేదాకా ఒడ్డున కళ్లు కాయలు కాచేలా చూసే ఊరు మనది. ఈ వరస మనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఒక హెచ్చరిక: 'వేకింగ్ ద విచ్' పాటలో గొంతు ముక్కలు ముక్కలుగా తెగిపోతూ వస్తుంది. ఇయర్‌బడ్ కనెక్షన్ పోయిందనుకుని అందరూ బ్లూటూత్ ఆపి పెడుతుంటారు. అది కావాలని చేసిందే.

చప్పబడిపోయేది అడిగారు కాబట్టి: అడెల్ '21' (2011). గొంతు గురించి మాట్లాడే అర్హత నాకు లేదు, అంత గొప్పది. కానీ మధ్యలో నాలుగైదు పాటలు ఒకే బరువు, ఒకే పిచ్. పైగా మాస్టరింగ్‌లో, అంటే విడుదలకి ముందు చేసే చివరి శబ్ద సవరణలో, శబ్దం మొత్తం పైకి తోసేశారు. మెల్లగా పాడిన చోటుకీ ఎలుగెత్తిన చోటుకీ తేడా చెవికి అందదు.

భీమిలి_బేస్:

సిరిపురం గారూ, '21' విషయంలో ఒప్పుకోను. శబ్దం గట్టిగా ఉందన్నది నిజమే, కానీ ఆల్బమ్ రూపం చూడండి. మొదటి పాట కాలు నేలకేసి కొట్టే దరువుతో, కోపంతో మొదలవుతుంది. పదకొండో పాట 'సమ్‌వన్ లైక్ యూ', పియానో ఒకటి, గొంతు ఒకటి, అంతే. పది పాటల బరువు మోశాక ఆ ఖాళీ వస్తుంది కాబట్టే గుండె పట్టేస్తుంది. మీరు విన్నది డీలక్స్ ఎడిషన్ అయితే దాని తర్వాత బోనస్ పాటలొచ్చి ఆ ముగింపుని చెడగొడతాయి. గాజువాక గారూ, ఇది అన్నిటికీ వర్తిస్తుంది. యాప్‌లో ఒకే ఆల్బమ్‌కి నాలుగు ఎడిషన్లు కనిపిస్తాయి, పాటల సంఖ్య తక్కువున్నదే ఎంచుకోండి.

తర్వాత షఫుల్. 2021 నవంబరులో '30' విడుదలైనప్పుడు అడెల్ అడగ్గా స్పాటిఫై ఆల్బమ్ పేజీల్లో షఫుల్‌ని మొదటి బటన్‌గా పెట్టడం మానేసింది. అయినా పాత సెట్టింగు మీ ఫోన్లో ఆన్‌లోనే ఉండిపోవచ్చు, చూసుకోండి. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర ఇంకో పాటని కలిపేసేది) సున్నాకి పెట్టండి, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రాకుండా చేసేది) ఆన్ చెయ్యండి. లేకపోతే కేట్ బుష్ రెండో వైపు పాటల మధ్య అతుకులు తెలిసిపోతాయి. వాల్యూమ్ నార్మలైజేషన్ (శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చేది) ఉంచినా నష్టం లేదు. ఆల్బమ్‌ని వరసలో వింటే స్పాటిఫై మొత్తం ఆల్బమ్‌కి ఒకే కొలత వాడుతుంది, మెల్లని పాట మెల్లగానే ఉంటుంది. షఫుల్ చేస్తే పాట పాటకీ విడిగా సరిచేస్తుంది, అప్పుడు ఆ తేడా పోతుంది.

బస్సులో అసలు శత్రువు ఇంజిన్ రొద. అది ఉండేది కింది స్థాయిల్లో, పాటలో బేస్ ఉండేదీ అక్కడే. కాబట్టి ముందు ఇయర్‌బడ్ రబ్బరు సైజు సరిచూసుకోండి. చెవి సరిగ్గా మూసుకోకపోతే బేస్ మొత్తం బయటికి పోతుంది, మనం వాల్యూమ్ పెంచుకుంటూ పోతాం. వారానికి 40 గంటలు వినేవాళ్లకి 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పాట మరీ గట్టిగా అనిపిస్తే, దారంతా ఎక్కువ పెట్టి వింటున్నారన్నమాట. ఎల్‌డాక్ లాంటి ఖరీదైన కోడెక్‌ల (బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి పంపే పద్ధతుల) కోసం బస్సులో తంటాలు పడొద్దు, జనంలో అది తెగుతుంది. మామూలు ఏఏసీ కోడెక్ చాలు.

ఇలా సరిచేసుకున్నాక బిలీ ఐలిష్ తొలి ఆల్బమ్ (2019) పెట్టండి. దాదాపు 43 నిమిషాలు, మీ ప్రయాణానికి సరిగ్గా సరిపోతుంది. అన్నయ్య ఫిన్నియస్ ఇంట్లో పడగ్గదిలోనే చాలావరకు రికార్డు చేశారు. మైకుకి పెదవులు ఆనించినట్టు పాడుతుంది, నాలుక తడి చప్పుడు కూడా వినిపిస్తుంది. చుట్టూ ఏమీ ఉండదు, కిందెక్కడో బేస్ ఒకటి కదులుతుంటుంది. 'బ్యాడ్ గై'లో టిక్‌టిక్‌మనే చప్పుడు సిడ్నీలో రోడ్డు దాటే సిగ్నల్ దగ్గర ఫోన్లో పట్టుకొచ్చినది. 'బరీ ఎ ఫ్రెండ్'లో పళ్ల డాక్టరు డ్రిల్లు. తక్కువ వస్తువులతో గది నిండా శబ్దం ఎలా కట్టొచ్చో ఇంతకంటే బాగా చూపించిన పాప్ ఆల్బమ్ ఈ మధ్య నేను వినలేదు.

ఆదివారానికి మడోనా 'రే ఆఫ్ లైట్' (1998). 67 నిమిషాలు, బస్సుకి పనికిరాదు. 'ఎవిటా' సినిమా కోసం గాత్ర శిక్షణ తీసుకున్నాక చేసిన ఆల్బమ్, గొంతు కింది స్థాయిలో కూడా నిండుగా పలుకుతుంది. విలియమ్ ఆర్బిట్ సింథసైజర్లు అలలు అలలుగా వస్తాయి. ఎనిమిదో పాట సంస్కృతం, 'వందే గురూణాం చరణారవిందే' అని. మన చెవికి ఆ ఉచ్చారణ ముల్లులా గుచ్చుకుంటుంది, నిజమే. అయినా దాటెయ్యకండి. ఆ దరువు ఆగగానే 'ఫ్రోజెన్' చల్లని తీగ వాద్యాలతో మొదలవుతుంది. ఆ మలుపు కోసమైనా రెండూ వరసగా వినాలి.

జగదాంబ_టేపు:

కేసెట్ల గురించి. ఆ తెల్లటిది బూజు. మన ఊరి గాలిలో తేమకి, ఉప్పుకి అటక మీద పెట్టిన ఏ టేపుకైనా పడుతుంది. అలాగే వేస్తే బూజు టేపుని చదివే ప్లేయర్ హెడ్‌కీ రబ్బరు రోలర్‌కీ అంటుకుని, తర్వాత వేసిన ప్రతి కేసెట్‌కీ పాకుతుంది. టేపు పొరలు అతుక్కుని ఉంటే మోటారు లాగినప్పుడు తెగుతుంది కూడా.

ముందు మూత గట్టిగా పట్టే డబ్బాలో కేసెట్లనీ నాలుగైదు సిలికా జెల్ పొట్లాలనీ పెట్టి వారం వదిలెయ్యండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, కేసెట్ ప్లాస్టిక్ పెట్టె వంగిపోతుంది. తర్వాత పెన్సిలు దూర్చి చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. పట్టేసినట్టుంటే బలవంతం చెయ్యొద్దు. పెట్టెకి స్క్రూలుంటే విప్పి, చుట్టలు రెండూ తీసి, అంచు మీది బూజుని మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. ముక్కుకి మాస్కు తప్పనిసరి. టేపుని తాకే చోట చిన్న ఊలు దిండు ఒకటుంటుంది, రాగి రేకు మీద. పాత కేసెట్లలో ముందు ఊడేది అదే. అది లేకపోతే పాట గుహలోంచి వచ్చినట్టుంటుంది. పనికిరాని కేసెట్లోంచి తీసి పెట్టుకోవచ్చు.

వెయ్యడానికి ముందు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకసారి తిప్పండి. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి, ప్రతి వైపు అయ్యాక మళ్లీ. ఒక్కసారి వేసేది రికార్డు చేసుకోవడానికే వెయ్యండి. లాప్‌టాప్ మైకు రంధ్రంలో గుచ్చితే స్టీరియో పోయి ఒకే చానల్ వస్తుంది, గొంతు పగులుతుంది. లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో కార్డు కొనండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, స్టీరియో పెట్టండి. మీటరు అతి గట్టి చోట కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. గంటకి 600 ఎంబీ పైన అవుతుంది, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా దాస్తే సుమారు సగం. శబ్దం మసగ్గా ఉంటే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని పావు చుట్టు లోపే అటూ ఇటూ తిప్పి, పై స్వరాలు తేటపడ్డ చోట ఆపండి.

శ్రమకి తగినవేనా అంటే, 'డిస్కో దీవానే' (1981) కచ్చితంగా. నాజియా హసన్ టీనేజీలో ఉండగా పాడింది, బిద్దు సంగీతం. గొంతు రెండు పొరలుగా పేర్చినట్టు వినిపిస్తుంది, ముక్కుతో పలికే ఆ కొంచెం అమాయకత్వం చెడకుండానే. సినిమా అండ లేకుండా ఒక గొంతు ఉపఖండం మొత్తం తిరగగలదని చూపించిన ఆల్బమ్ అది. అలీషా చినాయ్ 'మేడిన్ ఇండియా' (1995) కూడా బిద్దుదే, కానీ నా లెక్కలో అది టైటిల్ పాట మోసిన ఆల్బమ్. తెలుగులో వెతికితే స్మిత 'హాయ్ రబ్బా' ఉంది. సినిమా పాట నీడలో మనకి ఇలాంటివి ఎంత తక్కువో అప్పుడు తెలుస్తుంది, బాధగా ఉంటుంది.

గాజువాక_శ్రోత:

చాలా థాంక్సండీ అందరికీ. రెండే సందేహాలు. టేలర్ స్విఫ్ట్ '1989' పాతది వినాలా, కొత్తదా? అలానిస్ మోరిసెట్ 'జాగ్‌డ్ లిటిల్ పిల్' చివర్లో పాట ఆగిపోతోంది, ఫైలు పాడైందా?

సిరిపురం_స్టీరియో:

'1989'కి 2014 నాటిదే. నిర్మాత మాక్స్ మార్టిన్ చెయ్యి ఉన్నది దాంట్లోనే, 2023 రికార్డింగులో ఆయన లేరు. 'స్టైల్' మొదట్లో గిటారు రెండిట్లోనూ వెంటవెంటనే వినండి, పాతదానికి పదునెక్కువ. 'రెడ్' అయితే 2021దే మేలు, పది నిమిషాల 'ఆల్ టూ వెల్' దాంట్లోనే ఉంది. పాత రికార్డింగుల హక్కులు వేరేవాళ్ల చేతిలో ఉండేవి కాబట్టే ఆమె మళ్లీ పాడింది. అయినా పాతవి వింటే ఆమెకి అన్యాయమేమో అన్న బెంగ కూడా అక్కర్లేదు, 2025 మేలో ఆ మాస్టర్లన్నీ (అసలు రికార్డింగులు) ఆమే కొనుక్కుంది.

అలానిస్ ఫైలు పాడవలేదండీ. చివరి ట్రాక్‌లో పాట అయ్యాక కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత వాద్యాలేవీ లేకుండా ఆమె ఒక్కతే పాడే దాచిన పాట 'యువర్ హౌస్' ఉంటుంది. ముందుకి జరపకుండా ఆగండి. కొన్ని ఎడిషన్లలో దాన్ని విడి ట్రాక్‌గా కోసి పెట్టారు, అప్పుడు ఆ నిశ్శబ్దం పోతుంది. చివరి ట్రాక్ నిడివి ఎనిమిది నిమిషాలు దాటి ఉన్నది వెతుక్కోండి.