చట్టసభ సభ్యులకు పదవీకాల పరిమితి పెడితే బాగుపడేది ఎవరు?

వెనకబెంచీ:
సూటిగా అడుగుతున్నా. అమెరికా అధ్యక్షుడు రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదని 1951లో 22వ సవరణతో రాజ్యాంగంలోనే రాసేశారు. మరి చట్టాలు చేసే సభ్యుడికి ఆ లెక్క ఎందుకు లేదు? జాన్ డింగెల్ అనే ఆయన అక్కడి ప్రతినిధుల సభలో 1955 నుంచి 2015 దాకా, 59 ఏళ్లు ఉన్నాడు. అంతకుముందు 1933 నుంచి వాళ్ల నాన్న. ఈయన తప్పుకున్నాక వాళ్లావిడ. ఇది ప్రజలిచ్చిన పదవా, పిత్రార్జితమా? నచ్చకపోతే జనమే ఓడిస్తారు కదా అనకండి, అక్కడ మళ్లీ పోటీ చేసిన సిట్టింగ్ సభ్యుల్లో చాలా ఎన్నికల్లో నూటికి 90 మందికి పైగా గెలుస్తూనే ఉన్నారు. నా లెక్క 12 ఏళ్లు. తర్వాత ఇంటికి.

చట్టంపిచ్చి:
పిత్రార్జితం మాట బాగుంది గానీ, అంతరించిపోతున్న జీవుల రక్షణకు 1973లో వచ్చిన చట్టం రాసిన వాళ్లలో ఆ డింగెలే ఉన్నాడని కూడా చెప్పండి మరి. చట్టం రాయడం ఒక పని అండీ, చేతికి అలవాటు కావాలి. కాలిఫోర్నియాలో 1990లో ఓటర్లే పరిమితి తెచ్చారు, దిగువ సభలో 6 ఏళ్లు, ఎగువ సభలో 8. ఏమైంది? బడ్జెట్ కాగితాలు చదవడం వచ్చేసరికి సగం కాలం అయిపోయేది, మిగతా సగం తర్వాత ఏ పదవికి పోటీ చేయాలా అన్న టెన్షన్‌తో సరి. పైగా అదే ప్రతిపాదనలో సభ ఖర్చులకు కూడా కోత పెట్టారు, దాంతో అనుభవం ఉన్న సిబ్బంది చాలామంది వెళ్లిపోయారు. చివరికి 2012లో ఆ ఓటర్లే రూలు మార్చుకున్నారు, ఏ సభలోనైనా సరే మొత్తం 12 ఏళ్లు ఉండొచ్చని. 2022లో మిషిగన్ వాళ్లూ అంతే.

వెనకబెంచీ:
మార్చుకున్నారు, తీసెయ్యలేదు! మీరు చెప్పిన రెండు చోట్లా జనం చివరికి వచ్చి ఆగింది 12 దగ్గరే, నేనడిగింది కూడా అంతే కదా. నా తరఫున మీరే వాదించారు, థాంక్స్ :)

మూడోమాట:
నాకు రాజ్యాంగాలు అంతగా తెలియవు, చూసింది చెప్తా. నేను పనిచేసిన ఒక ఉద్యోగుల సంఘంలో కార్యవర్గం రెండేళ్లకోసారి మారి తీరాలని రూలు. కొత్తగా వచ్చిన వాళ్లకు ఫైలు ఎక్కడుందో తెలియదు, పాత ఒప్పందంలో ఏం రాసుకున్నారో తెలియదు, అందుకని ప్రతి దానికీ అక్కడ ఇరవై ఏళ్లుగా ఉన్న ఆఫీసు గుమాస్తానే అడిగేవాళ్లం. ఆయన "అలా కుదరదండీ" అంటే కుదరదు, అంతే. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ దించలేరు. ఎన్నికైన వాళ్లను తరచూ మారిస్తే అధికారం ఎన్నికవని వాళ్ల దగ్గరికి చేరుతుందని నాకు అప్పుడు అర్థమైంది. సభలోనైనా అధికారులు, కంపెనీల తరఫున సభ్యుల్ని ఒప్పించే లాబీయిస్టులు ఎక్కడికీ పోరు కదా.

రాత్రిచదువరి:
మూడోమాట గారు అసలు చోట పట్టుకున్నారు, నేను ఇంకొంచెం లాగుతా, పొడుగైతే ఏమనుకోకండి. పరిమితి గురించి మాట్లాడే ప్రతివాళ్లూ "ఎన్నేళ్లు" దగ్గరే ఆగిపోతారు. గడువు అయిపోయాక ఆ మనిషి బతుకు ఎవరి చేతిలో ఉంటుంది అని మాత్రం అడగరు.

మెక్సికో చూడండి. సభ్యుడు వెంటనే రెండోసారి పోటీ చేయకూడదని 1933లో పెట్టారు, 2014 దాకా అదే రూలు. కాగితం మీద ఇంతకంటే శుభ్రమైన పద్ధతి ఉండదు. కానీ మూడేళ్లకు సీటు ఖాళీ చేయక తప్పని సభ్యుడికి ఓటరు ఎందుకు? ఓటరు మెచ్చుకున్నా మళ్లీ ఆ సీటు ఇవ్వలేడు. తర్వాతి పదవి ఏదైనా పార్టీ పెద్దలే ఇవ్వాలి, కాబట్టి చెయ్యి ఎత్తమన్నప్పుడు ఎత్తాడు. ఒకే పార్టీ 1929 నుంచి 2000 దాకా, 71 ఏళ్లు ఆ దేశాన్ని ఏలింది. మనుషులు మారారు, పార్టీ కదల్లేదు. దానికి ఈ రూలొక్కటే కారణమని అనను, కానీ బాగా కలిసొచ్చింది. 2014లో ఆ రూలు సడలించారు, 2025లో మళ్లీ పాత దారికే వెళ్తూ సవరణ చేశారు, 2030 నుంచి అమలట.

ఇక ఫిలిప్పీన్స్. 1987 రాజ్యాంగం ప్రకారం దిగువ సభలో వరసగా మూడుసార్లు, అంటే 9 ఏళ్లు. తర్వాత భార్యో కొడుకో తమ్ముడో ఒక విడత కూర్చుంటారు, ఆపైన అయ్యగారు మళ్లీ దిగుతారు. తమాషా ఏంటంటే కుటుంబ రాజకీయాలను నిషేధించాలని కూడా ఆ రాజ్యాంగంలోనే ఉంది, "చట్టంలో నిర్వచించిన విధంగా" అని. ఆ చట్టం చేయాల్సింది ఎవరు? ఆ కుటుంబాలే. దశాబ్దాలుగా దొంగ చేతికే తాళం ఇచ్చినట్టుంది.

చట్టంపిచ్చి:
తాళం అంటే గుర్తొచ్చింది. అమెరికాలో స్పీకర్‌గా ఉన్న టామ్ ఫోలీ తన రాష్ట్రం తెచ్చిన పరిమితి మీద కోర్టుకెళ్లాడు. నేను మూడుసార్లు చేసి దిగిపోతానని మాటిచ్చి జార్జ్ నెదర్‌కట్ 1994లో ఆయన్ని ఓడించాడు. 2000 వచ్చేసరికి మాట తప్పి నాలుగోసారి నిలబడ్డాడు, జనం గెలిపించారు కూడా! ఇక 1995లో సభ్యులకు పరిమితి పెట్టే రాజ్యాంగ సవరణ ఓటుకొస్తే అనుకూలం 227, వ్యతిరేకం 204, మూడింట రెండొంతులు రాలేదు. కూర్చున్న కొమ్మను ఎవరు నరుక్కుంటారండీ. రాష్ట్రాలే కాంగ్రెస్‌కు, అంటే అక్కడి జాతీయ చట్టసభకు, తాము పంపే సభ్యులకు పరిమితి పెట్టుకుందామంటే అదే ఏడాది సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో కుదరదంది.

వెనకబెంచీ:
రాత్రిచదువరి గారూ, మెక్సికో కథ బలమైనదే, ఒప్పుకుంటున్నా. కానీ అది టికెట్ పార్టీ చేతిలో ఉన్నచోట చెల్లుతుంది. అమెరికాలో పార్టీ అభ్యర్థిని ప్రైమరీ అనే ముందస్తు ఎన్నికలో ఓటర్లే తేలుస్తారు, అక్కడ పార్టీ పెద్దకి ఎందుకు భయపడాలి? ఫిలిప్పీన్స్‌కు కూడా మందుంది, సభ్యుడి దగ్గరి బంధువు వెంటనే ఆ సీటుకు పోటీ చేయకూడదంటే సరి.

మూడోమాట:
అదెలా సరి? ఆయన భార్య కావడం ఆవిడ తప్పా? పాతికేళ్లు వకీలుగా పనిచేసిన మనిషైనా మొగుడు సభలో ఉన్నాడని పక్కన కూర్చోవాలా? ఇది మాత్రం నేను ఒప్పుకోను.

రాత్రిచదువరి:
పార్టీ కాకపోతే కంపెనీ. ఆఖరి విడతలో ఉన్నవాడికి బయట ఉద్యోగం కావాలి, ఇచ్చేది లాబీ సంస్థ. అమెరికాలో దిగువ సభ నుంచి దిగినవాళ్లు ఏడాది, సెనేటర్లు రెండేళ్లు ఆగితే చాలు, పాత సహచరుల దగ్గరికే లాబీయింగ్‌కు వెళ్లొచ్చు. పరిమితి పెడితే ఆ క్యూ ఇంకా పెరుగుతుంది. ప్రాచీన ఏథెన్స్‌లో 500 మంది మండలి ఉండేది, జీవితంలో రెండుసార్లకు మించి కూర్చోకూడదు. అక్కడ అది నడిచిందంటే సభ్యుల్ని చీటీ తీసి ఎంచేవాళ్లు కాబట్టి, టికెట్ ఇచ్చేవాడు అనే మనిషే లేడు. మీరు 12 అన్నా 8 అన్నా నాకు పేచీ లేదు, దిగిన వాళ్లకు లాబీ ఉద్యోగం పదేళ్ల పాటు బంద్ అని కూడా రాయండి, అప్పుడు నా ఓటు మీకే.

వెనకబెంచీ:
పదేళ్లు అంటే సభకే ఎవరూ రారేమో గురూ. ఐదు చేద్దాం. బంధువుల సంగతి మూడోమాట గారు అన్నాక నాకే అనుమానంగా ఉంది, అది పక్కన పెడుతున్నా. 12 మాత్రం వెనక్కి తీసుకోను.