లక్క రికార్డులు, స్పూల్ టేపులు, పాత వీణ: స్థానిక కళాకారుల మ్యూజియంలో ఎలా ఉంచాలి?

ప్రశ్న – గాడిముల్లు
ఒక చిన్న సంగీత మ్యూజియానికి కళాకారుల కుటుంబాలు ఇచ్చినవి ఇవి: 140 దాకా 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత గ్రామఫోన్ రికార్డులు, 30 స్పూల్ టేపులు, ఒక వీణ, ఒక మృదంగం. ఓ పది రికార్డుల మీద జిడ్డుగా తెల్లటి పొడి ఉంది. రెండు టేపులు తిప్పితే కీచుమంటున్నాయి. శుభ్రం చేయడం, డిజిటల్ చేయడం, అద్దాల బీరువాలో పెట్టడం, వీటిలో ఏది ముందు? సందర్శకులకు పాటలు వినిపించాలన్నది అసలు ఉద్దేశం.

జవాబు – లక్కబిళ్ళ
ముందు ఆ తెల్లపొడి సంగతి చూడండి. బూజనుకుని తుడిచేయకండి. ఆ పది రికార్డుల అంచు దగ్గరగా చూస్తే బూడిదరంగు లోహం కనిపిస్తుందా? లేబుల్ మీద చేతిరాత ఉందా? మధ్య రంధ్రం పక్కన ఇంకో చిన్న రంధ్రం ఉందా? ఉంటే అవి లక్క రికార్డులు కావు. అల్యూమినియం పలక మీద సెల్యులోజ్ నైట్రేట్ పూత వేసి నేరుగా గాడి కోసినవి. పూతలోని ఆముదం విడిపోయి కొవ్వు ఆమ్లాలుగా పైకి తేలుతుంది, మీ తెల్లపొడి అదే. ఆ పూత కుంచించుకుపోయి పెచ్చులుగా లేస్తుంది, లేచాక చేయగలిగింది లేదు. అసలు వీటికి రెండో ప్రతి ఉండటమే అరుదు. అందుకే 140లో మొదట డిజిటల్ చేయాల్సినవి ఈ పదే. అదీ ఇలాంటివి చేసిన అనుభవం ఉన్నవాళ్ళ చేతే.

మామూలు లక్క రికార్డులకు స్పిరిట్ తగలనీయకండి, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల తేలికపాటి డిటర్జెంట్, మెత్తటి బ్రష్ చాలు. గాడి వెంబడే తిప్పండి, లేబుల్ తడవనీయకండి, వెంటనే ఆరబెట్టండి. లోపలి రాతిపొడి తేమ పీలుస్తుంది కాబట్టి నానబెట్టకూడదు. నిలువుగా నిలబెట్టే దాచాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగువి పగులుతాయి.

డిజిటల్ చేసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఎల్‌పీ (తర్వాతి కాలపు సన్న గాడి రికార్డు) ముల్లు వాడటం. అది సుమారు 1 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు) లోపు ఉంటుంది, 78 గాడికి 3 మిల్ దరిదాపుల్లో కావాలి. సన్న ముల్లు గాడి అడుగున కొట్టుకుంటూ రొదే ఎక్కువ పడుతుంది. రెండో పొరపాటు ఆర్‌ఐఏఏ ప్రీయాంప్, అంటే ఎల్‌పీల లెక్కకు శబ్దాన్ని సరిచేసే పరికరం. ఈ రికార్డుల ఈక్వలైజేషన్ (మంద్ర, తార శబ్దాల హెచ్చుతగ్గుల సర్దుబాటు) వేరు, కాబట్టి ఫ్లాట్‌గా, అంటే ఏ సర్దుబాటూ లేకుండా తీసి తర్వాత సరిచేయండి. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో (ముల్లు అమర్చే భాగం) రెండు చానెళ్ళూ విడివిడిగా ఉంచుకోండి, ఒక్కోసారి గాడి ఒక గోడే శుభ్రంగా ఉంటుంది. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు దాచుకోండి.

వేగం కూడా. చాలా పాతవి కచ్చితంగా 78 ఉండవు. 80లో కోసింది 78లో తిప్పితే శ్రుతి అర స్వరంలో దాదాపు సగం దిగుతుంది. ఒకే పాట రెండు వైపులా ఉంటే మొదటి వైపు చివరి శ్రుతిని రెండో వైపు మొదటితో పోల్చండి. కలవకపోతే ఏదో ఒక వైపు వేగం తప్పు. లేబుల్ పక్కన నున్నటి భాగంలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు కూడా రాసుకోండి. కేటలాగ్ నంబరుతో ఏ రికార్డో తెలుస్తుంది, ఇది ఏ టేకో (ఎన్నోసారి పాడి రికార్డు చేసిందో) చెబుతుంది.

జవాబు – స్పూల్‌చక్రం
కీచుమన్న టేపుల్ని ఇక తిప్పకండి. మెషీన్ హెడ్ (టేపును చదివే భాగం) మీద బంకలాంటి గోధుమరంగు మరక ఉంటే పూతలోని జిగురు తేమ పీల్చి చెడినట్టు. 1970లు, 80ల నాటి కొన్ని పాలియెస్టర్ టేపుల్లో ఇది మామూలే. 50–54 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా కనీసం 8 గంటలు వేడి చేస్తే కొన్ని వారాలపాటు తిరుగుతాయి, ఆలోగా కాపీ తీయాలి. ఉష్ణోగ్రత కచ్చితంగా నిలిచే ఇంక్యుబేటర్ కావాలి, వంటింటి ఓవెన్ పనికిరాదు.

కానీ ముందు స్పూల్‌ని వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. చుట్ట గుండా వెలుగు కనిపిస్తే అది అసిటేట్ (పాలియెస్టర్‌కు ముందు వాడిన ప్లాస్టిక్) టేపు, దాన్ని వేడి చేయకూడదు. వెనిగర్ వాసన కొడితే మిగతావాటికి దూరంగా వేరే గదిలో పెట్టండి.

కాపీ తీసేటప్పుడు ఒక పాట వెనకాల ఇంకో పాట చివరి నుంచి మొదటికి వెనక్కి వినిపిస్తే టేపు పాడైందని కాదు. ట్రాక్ (టేపు వెడల్పులో శబ్దం నమోదైన పట్టీ) అమరికకు సరిపడని మెషీన్ మీద వేశారన్నమాట.

జవాబు – బిరడ
వీణ గురించి ఎవరూ చెప్పలేదు. మెట్లు మైనంలో నిలబడి ఉంటాయి. బీరువాలో లైటు వేడికి మైనం మెత్తబడితే మెట్టు పక్కకు జరుగుతుంది, ఇరవై నాలుగూ మళ్ళీ వేయించాల్సి వస్తుంది. ఎల్‌ఈడీ అయినా డ్రైవర్ (దానికి కరెంటు అందించే, వేడెక్కే పెట్టె) బీరువా బయటే ఉంచండి. తేమ 45–55 శాతం ఉంటే మంచిది, అయితే పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం మరీ చెరుపు. ఆ హెచ్చుతగ్గులకే చెక్క పగులుతుంది. తంత్రులు పూర్తిగా విప్పకండి, గుర్రం (తంత్రుల్ని మోసే వంతెన) జారిపోతుంది. అన్నీ సమంగా, కొంచెం కొంచెంగా రెండు మూడు స్వరాలు దించితే చాలు. బరువంతా కుండ మోయాలి, చిన్న బుర్ర ఆసరాకు తాకాలంతే.

మృదంగం ఎడమవైపు నాదం కోసం అద్దిన రవ్వ ముద్ద ఎండి ఉంటే గీరి తీసేయండి, పురుగు మొదలయ్యేది అక్కడే.

గాడిముల్లు
అంచున లోహం కనిపించింది, ఆ పదీ విడిగా పెట్టాం. మరి పాటలు వినిపించడానికి అనుమతి కావాలా? రికార్డులు కుటుంబాలే ఇచ్చాయి కదా.

జవాబు – లక్కబిళ్ళ
వస్తువు ఇచ్చినంత మాత్రాన హక్కు ఇచ్చినట్టు కాదండీ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంటే 1960లో విడుదలైనదానికి 2020తో గడువు తీరింది. పాట రాసినవారు, స్వరపరిచినవారి హక్కు వేరే లెక్క, వాళ్ళు పోయాక 60 ఏళ్ళు. కాబట్టి ఒక్కో పాటకు మూడు గడులు పెట్టుకోండి: రికార్డింగ్, సాహిత్యం, సంగీతం. మూడూ తీరినవి ముందు వినిపించండి, మిగతావాటికి హక్కుదారుల లైసెన్సు తీసుకోండి. దాత రాసిచ్చే కాగితంలో వస్తువు, హక్కు రెండూ విడివిడిగా రాయించండి.

వినిపించేది కాపీయే. గ్రామఫోన్ తిప్పి చూపాలనుకుంటే రెండు ప్రతులున్న రికార్డు ఒకటి అందుకే కేటాయించి, ఒక్కో వైపుకి ఒక కొత్త ఉక్కు ముల్లు వాడండి. ఆ ప్రతి అరిగిపోతుందని ముందే అనుకోండి.