ఆండ్రూస్ అక్కచెల్లెళ్ళు బోస్వెల్ అక్కచెల్లెళ్ళకు అనుకర్తలు మాత్రమేనా?

రేడియోశ్రోత (చర్చ ప్రారంభం):

స్వింగ్ (పెద్ద బ్యాండ్లు వాయించే జాజ్ నృత్యసంగీతం) కాలపు అమెరికా గాయనీబృందాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ వేదికలో ఒకే తీర్పు వినిపిస్తోంది. న్యూ ఆర్లియన్స్‌కు చెందిన బోస్వెల్ అక్కచెల్లెళ్ళు అసలు కళాకారిణులనీ, మినియాపొలిస్‌కు చెందిన ఆండ్రూస్ అక్కచెల్లెళ్ళు వారి బాణీని ఎత్తుకొని, పలచన చేసి, అమ్ముకున్నారనీ ఆ తీర్పు సారాంశం. మొన్నటి చర్చలో ఒక సభ్యులు మరో అడుగు ముందుకు వేసి, బోస్వెల్ బృందం 1936లో తప్పుకోకపోయి ఉంటే రెండో బృందం పేరు ఎవరికీ తెలిసేది కాదని రాశారు. ఈ మాటతో నేను ఏకీభవించలేను.

అనుకరణతో మొదలయ్యారన్నది నిజమే, ఆ సంగతిని వారే దాచలేదు. లవెర్న్, మాక్సీన్, ప్యాటీ ముగ్గురూ గ్రీసు నుంచి వచ్చిన తండ్రికీ, నార్వే మూలాలున్న తల్లికీ పుట్టి, చలిదేశం లాంటి మినెసోటాలో పెరిగినవారు. రేడియోలో బోస్వెల్ పాటలు వింటూ, వాటిలోని దక్షిణాది యాసతో సహా నేర్చుకున్నామని తరువాతి కాలంలో వారే చెప్పుకున్నారు. అయితే ఒక కళాకారిణి ఎక్కడ మొదలుపెట్టిందన్నదాన్ని బట్టే ఎక్కడికి చేరిందో తేల్చేయడం సబబు కాదు. 1937 నవంబరులో డెక్కా రికార్డు సంస్థకు వారు పాడిన ‘బై మీర్ బిస్ట్ డు షేన్’ను, 1941 నాటి ‘బూగీ వూగీ బ్యూగిల్ బాయ్’ను పక్కపక్కన పెట్టి వినండి. రెండో పాటలో బోస్వెల్ ఛాయ ఎక్కడుందో చూపించమని కోరుతున్నాను.

మంద్రస్థాయి:

రేడియోశ్రోత గారూ, ఆ తీర్పును నేను కొంతవరకు సమర్థిస్తాను, ఎందుకో వివరంగా చెప్పనివ్వండి.

మార్తా, కాన్నీ, వెట్ అనే ఆ ముగ్గురు బోస్వెల్‌లకు శాస్త్రీయ శిక్షణ ఉంది. పెద్దామె పియానో, నడిమామె చెల్లో, చిన్నామె వయొలిన్ నేర్చుకున్నారు. అటుపైన జాజ్ వైపు మళ్ళి కాన్నీ శాక్సొఫోన్‌నూ, వెట్ బాంజోనూ చేతపట్టారు. 1925లోనే, వెట్‌కు పద్నాలుగేళ్ళు నిండుతున్న కాలంలో, విక్టర్ సంస్థకు తొలి రికార్డు ఇచ్చారు. 1931 నుంచి బ్రన్స్‌విక్ సంస్థకు డోర్సీ సోదరులు, బన్నీ బెరిగన్ వంటి వాద్యకారులతో కలిసి చేసిన రికార్డులే వారి అసలైన సంపద. మన సంగీతంలో ముగ్గురు కలిసి పాడితే సాధారణంగా ఒకే స్వరాన్ని పాడతారు కనుక, ఈ పాటలు కొత్తగా వినేవారికి ఒక మాట చెప్పాలి: ఇక్కడ ముగ్గురూ ఒకే మాటను మూడు వేరువేరు స్వరాల్లో, ఒకదానికొకటి ఆనుకొని ఉండేలా పలుకుతారు. ఆ దగ్గరి స్వరమేళనాన్ని చెదరనివ్వకుండానే పాట మధ్యలో వేగం మారుస్తారు, శ్రుతి మారుస్తారు, మేజర్ (ఉల్లాసంగా వినిపించే) స్వరశ్రేణిలో ఉన్న బాణీని మైనర్ (విషాదంగా వినిపించే) శ్రేణిలోకి దించి మళ్ళీ పైకి తెస్తారు. 1932 నాటి ‘ఎవ్రిబడీ లవ్స్ మై బేబీ’లో మాటల మధ్య అర్థంలేని అక్షరాలు చొప్పించి పాడే భాగం ఉంది. అది మన పిల్లలు పెద్దలకు అర్థం కాకూడదని మాట్లాడుకునే క-భాష వంటిది, కానీ ముగ్గురూ ఒకే ఊపిరితో, ఒక్క అక్షరం కూడా జారకుండా, పరుగెత్తే లయలో పలుకుతారు.

ఇంత పని మూడు నిమిషాల రికార్డులో ఇమిడిపోయింది. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ అంతటి గాయని, తాను చిన్నప్పుడు కాన్నీ బోస్వెల్‌లాగా పాడాలని ప్రయత్నించానని బాహాటంగా చెప్పారు. ఆండ్రూస్ పాటల్లో నాకు ఇంతటి సాహసం కనిపించదు. మొదలైన వేగంతోనే పాట ముగుస్తుంది, ప్యాటీ గొంతు ముందుంటుంది, మిగిలిన ఇద్దరు పైనా కిందా చేరతారు. ఆ గొంతుల కలయికలోని మాధుర్యాన్ని నేను కాదనను. నేను మాట్లాడుతున్నది కొత్తదనం గురించి.

రేడియోశ్రోత:

మంద్రస్థాయి గారూ, మీరు చెప్పిన వేగం సంగతే నా వాదనకు ఆధారం.

బోస్వెల్ బృందపు గొప్ప రికార్డులు 1931 నుంచి 1935 వరకు వచ్చాయి. క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందం లాస్ ఏంజెలెస్‌లోని పాలొమార్ నృత్యశాలలో వాయించి యువతను ఊపేసింది 1935 ఆగస్టులో, స్వింగ్ కాలం అక్కడి నుంచి మొదలైందని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. అంటే బోస్వెల్ కళ రేడియో ముందు కూర్చొని చెవి ఒగ్గి వినే శ్రోత కోసం తయారైంది. ఆండ్రూస్ అక్కచెల్లెళ్ళు పాడినది నాట్యం చేసే జంటల కోసం, నాణెం వేస్తే పాడే జ్యూక్‌బాక్సుల కోసం. నాట్యం చేస్తున్నవాడి కాలి కింద పాట వేగం నాలుగుసార్లు మారితే అతడు పడిపోతాడు. స్థిరమైన వేగం వారి చేతకానితనం వల్ల వచ్చింది కాదు, ఆ కాలం కోరిన నియమం అది. ఆ నియమానికి లోబడి ఎంత ఉత్సాహం పుట్టించగలమన్నదే వారు ఎదుర్కొన్న ప్రశ్న.

ఇక్కడ జాక్ కాప్ పేరు చెప్పుకోవాలి. మొదట బ్రన్స్‌విక్‌లోనూ, 1934 నుంచి డెక్కాలోనూ రికార్డింగులను నడిపించిన ఆయనకు అసలు బాణీ తేటగా వినపడాలన్న పట్టుదల ఉండేది. పోటీ సంస్థలు 75 సెంట్లకు అమ్ముతున్న స్థాయి రికార్డులను డెక్కా 35 సెంట్లకే ఇచ్చింది, కాబట్టి మామూలు శ్రోత చెవికి వెంటనే పట్టుకునే పాటలే ఆయనకు కావాలి. బోస్వెల్ అక్కచెల్లెళ్ళను కూడా బాణీకి కట్టుబడమని ఆయన ఒత్తిడి చేశారు. డెక్కాకు వారు చేసిన రికార్డులు అంతకుముందు వాటికన్నా సాదాగా ఉండటం మీరూ గమనించే ఉంటారు. 1936 ఫిబ్రవరిలో వారి చివరి రికార్డింగు జరిగింది. వివాహాలు, సంసారాలు వారిని విడదీశాయన్నది అందరికీ తెలిసిన కారణమే. కానీ విడిపోకపోయినా 1932 నాటి స్వేచ్ఛ వారికి డెక్కాలో దొరికేదా? నాకు నమ్మకం లేదు. అందువల్ల వారు తప్పుకున్నారు కాబట్టే వీరు వెలిగారనే లెక్క కుదరదు.

మూడోస్వరం:

మీ ఇద్దరి వాదనా రెండు తెల్లజాతి బృందాల మధ్యే తిరుగుతోంది. అసలు, నకలు అనే కొలతను పైకి తీసుకుపోతే బోస్వెల్ దగ్గర ఆగడం న్యాయం కాదు.

న్యూ ఆర్లియన్స్‌లో పెరిగిన ఆ అక్కచెల్లెళ్ళు నల్లజాతి గాయనీగాయకులను వింటూ పెరిగారు. నల్లజాతి గాయని మామీ స్మిత్ గానం తన మీద చూపిన ప్రభావాన్ని కాన్నీ స్వయంగా చెప్పుకున్నారు. రేడియోలో విన్నవారిలో చాలామంది ఈ ముగ్గురినీ నల్లజాతి స్త్రీలని అనుకున్నారన్న మాట కూడా ప్రచారంలో ఉంది. అదే కాలంలో ఒహాయో రాష్ట్రంలోని పిక్వా ఊరి నుంచి వచ్చిన నలుగురు మిల్స్ అన్నదమ్ములు, ఒక్క గిటారు తప్ప వేరే వాద్యం లేకుండా, ట్రంపెట్టునూ ట్యూబానూ నోటితోనే పలికిస్తూ 1931లో ‘టైగర్ ర్యాగ్’తో దేశాన్ని ఆశ్చర్యపరిచారు. తోబుట్టువుల బృందాల చరిత్రలో వారిని పక్కన పెట్టి మాట్లాడటం నాకు బాధ కలిగిస్తుంది.

ఆండ్రూస్ అక్కచెల్లెళ్ళ విషయానికి వస్తే, బోస్వెల్ బాకీ కన్నా బరువైన బాకీలు రెండున్నాయి. ‘బై మీర్’ 1932 నాటి ఒక యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) సంగీతనాటకంలోని పాట. దాని స్వరకర్త షోలొమ్ సెకుండా 30 డాలర్లకు హక్కులు అమ్ముకున్న తరువాత అది దేశమంతా మోగింది. 1945లో వారాల తరబడి అగ్రస్థానంలో నిలిచిన ‘రమ్ అండ్ కోకా-కోలా’ కరీబియన్ దీవి ట్రినిడాడ్‌కు చెందిన కలిప్సో (అక్కడి జనపద గానశైలి) గాయకుడు లార్డ్ ఇన్వేడర్‌ది. అమెరికా సైనికుల డాలర్లు అక్కడి కుటుంబాలను ఎలా ఛిద్రం చేస్తున్నాయో చెప్పే ఆ పాట మీద అమెరికా హాస్యనటుడు మోరీ ఆమ్‌స్టర్‌డామ్ పేరు పడింది. చివరికి న్యాయస్థానంలో ట్రినిడాడ్ వారి పక్షమే గెలిచింది. పాట ఎవరిదో గాయనులు వెతికి చూడలేదు. నా దృష్టిలో అసలు చర్చించవలసిన అనుకరణ ఇది.

మంద్రస్థాయి:

మూడోస్వరం గారి మాటలోని మొదటి భాగాన్ని పూర్తిగా అంగీకరిస్తాను. రెండో భాగంలో హక్కుల పత్రాలు చూసేది ప్రచురణకర్తలూ రికార్డు సంస్థలూ కనుక, గాయనుల మీద మోపిన భారం కాస్త ఎక్కువనిపిస్తోంది. ‘బై మీర్’ రికార్డుకు ఆ ముగ్గురికీ కలిపి దక్కింది 50 డాలర్లే, రాయల్టీ లేదు.

రేడియోశ్రోత గారికి నా జవాబు: కాలం కోరినదాన్ని ఇవ్వడం నేర్పు, కాలం కోరనిదాన్ని వినిపించడం సృజన. ఈ రెండింటికీ ఒకే తూకం వేయలేను.

రేడియోశ్రోత:

తూకం వేరైతే కానీయండి, కానీ వీరి పళ్ళెంలో సృజనే లేదనడానికి ఒప్పుకోను. ‘బ్యూగిల్ బాయ్’ను ఈసారి మాటలు వదిలేసి గొంతుల అమరిక కోసమే వినండి. పాటకు వాద్యాల కూర్పు చేసే అరేంజర్ విక్ షేన్ ఆర్కెస్ట్రాను ఎలా నడిపారో, ఆ ముగ్గురు ఇత్తడి వాద్యాల వరుసలో మూడు ట్రంపెట్ల లాగా ఎలా కలిశారో గమనించండి. అక్షరాన్ని ఒకేసారి అందుకొని, ఒకేసారి తెంచేస్తారు, బార్‌కు (ఒక్కో తాళావర్తానికి) ఎనిమిది దెబ్బల బూగీ లయ వారి నాలుకల మీదే నడుస్తుంది. బోస్వెల్ అక్కచెల్లెళ్ళు వాద్యబృందంతో సంభాషించారు, ఆండ్రూస్ అక్కచెల్లెళ్ళు వాద్యబృందంలో ఒక విభాగమైపోయారు. ఇది బోస్వెల్ రికార్డుల నుంచి దొరికే పాఠం కాదు, పెద్ద బ్యాండ్ల పక్కన నిలబడి పాడినవారికే పట్టుబడే విద్య.

రంగస్థలం మీద తేడా కూడా ఉంది. బాల్యం నుంచీ నడవలేని కాన్నీ కూర్చొనే పాడేవారు, కాబట్టి బోస్వెల్ ప్రదర్శనలో కదలిక ముఖాల్లోనూ గొంతుల్లోనూ ఉండేది. ఆండ్రూస్ అక్కచెల్లెళ్ళు పాడుతూనే ఆడారు. యుద్ధకాలంలో సైనిక శిబిరాల్లోనూ, ఆసుపత్రుల్లోనూ, 1945లో ఇటలీలోనూ పాడినప్పుడు వేలమంది సైనికుల ముందు ఆ అలవాటే అక్కరకు వచ్చింది.

మూడోస్వరం గారు లేవనెత్తిన బాకీని నేను కొట్టివేయడం లేదు. లార్డ్ ఇన్వేడర్ పాడిన మూలం ఇప్పుడు వినడానికి దొరుకుతుంది, దాని మీద వేరే చర్చ ప్రారంభిస్తే నేనూ వస్తాను. ఈ చర్చలో మాత్రం నేను అడిగినది ఒక్కటే: ‘మాత్రమే’ అన్న ఆ మాటను వెనక్కి తీసుకోవాలి.

మంద్రస్థాయి:

గొంతులు ఇత్తడి వాద్యాల లాగా కలవడం గురించి మీరు చెప్పాక ఆ పాట రెండుసార్లు విన్నాను. ‘మాత్రమే’ తీసేస్తున్నాను. బోస్వెల్ పెద్దవారన్న నా అభిప్రాయం అలాగే ఉంది.