నగరం చల్లబడాలంటే రోడ్లకు లేత రంగు వేయాలా, చెట్లు పెంచాలా?

డాబావాసి:
తారు రోడ్డు నల్లగా ఉంటుంది కాబట్టి పగలంతా ఎండను పీల్చుకుని రాత్రంతా కక్కుతుంది. లేత రంగు పూత వేస్తే ఆ ఎండలో చాలా భాగం తిరిగి పైకి పోతుంది. మొక్క నాటితే నీడ రావడానికి ఏళ్ళు పడుతుంది. పూత రోజుల్లో అయిపోతుంది. అందుకే ముందు పూత వేయాలంటాను.

కాలినడక:
పైకి పోయే ఆ ఎండకు దారిలో మనిషి అడ్డం వస్తే? అతని ఒంటికే తగులుతుంది. అమెరికాలోని ఫీనిక్స్ నగరం 2020లో ఈ పూత వేసి చూసింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు కొలతలు తీశారు. మధ్యాహ్నం పూత వేసిన రోడ్డు మామూలు తారు కంటే సుమారు 6 డిగ్రీల సెల్సియస్ తక్కువ వేడెక్కింది. కానీ మిట్టమధ్యాహ్నం దాని మీద నిలబడిన మనిషికి చుట్టూ నుంచి తగిలే సెగ దాదాపు 3 డిగ్రీలు పెరిగింది. గాలి ఉష్ణోగ్రతలో తేడా అర డిగ్రీ కూడా లేదు.

ఎండలోంచి చెట్టు కిందకు వచ్చి చూడండి. గాలి ఉష్ణోగ్రత రెండు చోట్లా ఇంచుమించు ఒకటే, అయినా ప్రాణం లేచొస్తుంది. ఒంటికి వేడి తెలిసేది గాలి ఒక్కదాని వల్లే కాదు. నెత్తిన పడే ఎండ, గోడల సెగ, గాలి వీస్తోందా లేదా, చెమట ఆరనివ్వని తేమ, ఇవన్నీ కలిస్తేనే ఆ బాధ.

డాబావాసి:
మీరు పగటి సంగతే చెప్తున్నారు. నగరం వేడి అసలు బయటపడేది రాత్రి. వాతావరణాన్ని ఏళ్ళ తరబడి కొలిచిన ఇంగ్లండ్ వాడు ల్యూక్ హోవార్డ్ 1833లోనే లండన్ లెక్కలు ప్రచురించాడు. పల్లె కంటే నగరం రాత్రిళ్ళు సుమారు 2 డిగ్రీలు వేడి, పగలు కాస్త చల్లన! నిద్ర పట్టని రాత్రి తర్వాత మర్నాడు పనికి వెళ్ళేవాడి సంగతేమిటి?

తోటపని:
చెట్లంటే నాకు ప్రాణం, అయినా ఒక మాట. ఇరుకు వీధిలో కొమ్మలు గుబురుగా కమ్ముకుంటే, రోడ్డు విడిచే వేడి రాత్రి ఆకాశంలోకి తేలిగ్గా పోదు. గాలి కూడా ఆడదు. పైగా నీళ్ళు అందక ఎండిపోతున్న చెట్టు ఆకుల నుంచి ఆవిరి వదలడం తగ్గించేస్తుంది, చల్లదనమూ తగ్గుతుంది. నాటితే సరిపోదు, బతికించాలి.

కాలినడక:
ఇద్దరి మాటా ఒప్పుకుంటున్నాను. రాత్రి విషయం నేను తక్కువ చేసి చూశాను. అయితే దానికి తెల్ల పూత వేయాల్సింది ఇంటి కప్పుకు. అక్కడ ఎవరూ నడవరు, సెగ ఆకాశంలోకే పోతుంది, పై అంతస్తులో పడుకునేవాళ్ళకు నేరుగా ఊరట. ఏసీ వాడకం తగ్గితే అది వీధిలోకి ఊదే వేడీ తగ్గుతుంది. వీధిలో మాత్రం నీడే కావాలి. చెట్టు ఎదిగేదాకా పందిరైనా వేయాలి.

ఇంకా రోడ్డుకే పూత అంటే, రోడ్డు పైభాగం వేడిని మాత్రమే చూపే ఉపగ్రహం ఫొటో పెట్టి చల్లబడిందనకండి. మధ్యాహ్నం ఆ రోడ్డు మీద పనిచేసే మనిషి ఛాతీ ఎత్తులో సెగ ఎంతుందో కొలిచి చెప్పండి.