3 నానోమీటర్ల చిప్‌లో 3 అనేది దేని కొలత? పాఠం చెప్పేందుకు సలహా కావాలి

తిరుపతిలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో వీఎల్ఎస్ఐ (చిప్‌ల రూపకల్పన) బోధిస్తున్నాను. 2020లో గూగుల్, స్కైవాటర్ సంస్థలు కలిసి ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన 130 నానోమీటర్ల పీడీకేతో (చిప్ గీయడానికి కావలసిన నియమాలు, ఫైళ్ల సంపుటితో) మా ప్రయోగశాలలో పిల్లల చేత ఇన్వర్టర్ (0ను 1గా, 1ని 0గా మార్చే సర్క్యూట్) లేఅవుట్ గీయిస్తుంటాను. అందులో ట్రాన్సిస్టర్ గేటు (కరెంటును ఆపే, వదిలే భాగం) కనీస పొడవు 0.15 మైక్రాన్లు, అంటే 150 నానోమీటర్లు. మొన్న ఒక విద్యార్థిని తెర మీద ఆ అంకె చూపించి, "పేరేమో 130, కొలతేమో 150. మరి 3 నానోమీటర్లంటే ఏమిటి సార్?" అని అడిగింది. అది తరం పేరే తప్ప కొలత కాదనీ, ఆ చిప్‌లలో గేటుకూ గేటుకూ మధ్య దూరం ఇప్పటికీ 40 నానోమీటర్లకు పైమాటేననీ చెప్పాను గానీ, తరగతి తృప్తిపడలేదు.

గేటు మార్పులను వివరించడానికి చిత్తూరు వైపు మామిడి తోటల్లో నీళ్లు పెట్టే రబ్బరు పైపును ఉదాహరణగా తీసుకున్నాను: నీరు కరెంటు, పైపును నొక్కే చెయ్యి గేటు. పాత ప్లేనార్ (చదునైన) గేటు పైపును పైనుంచి మాత్రమే నొక్కుతుంది, కనుక అడుగున నీరు కారుతుంది. ఫిన్‌ఫెట్ (కరెంటు దారిని ఫిన్‌లా, అంటే రెక్కలా నిలబెట్టిన ట్రాన్సిస్టర్)లో గేటు మూడు వైపుల నుంచి నొక్కుతుంది. గేట్ ఆల్ అరౌండ్ (చుట్టు గేటు) పిడికిలిలా చుట్టూ బిగిస్తుంది.

ఈ రంగంలో పనిచేస్తున్న పెద్దలను అడిగేది ఇదీ: ఈ పోలిక లీకేజీ కరెంటు (ట్రాన్సిస్టర్‌ను ఆపినా కారే కరెంటు) విషయంలో పిల్లలను ఎక్కడైనా తప్పుదారి పట్టిస్తుందా? శాంసంగ్ 2022లో 3 నానోమీటర్ల దగ్గరే చుట్టు గేటుకు మారగా, తైవాన్ చిప్ తయారీ సంస్థ టీఎస్ఎంసీ ఆ తరం దాకా ఫిన్‌లతోనే ఎలా నెట్టుకురాగలిగింది? ఎన్‌జీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడాను చూపించగల చిన్న ప్రయోగమేదైనా ఉంటే దయచేసి సూచించగలరు.